ఈక్విపాయిజ్ అంటే గుర్రమెక్కి కూర్చునే తీరా? కోచింగ్ సార్ పావు మార్కు కోసేశాడు

పీలేరు_బస్సు
తిరుపతిలో రూము తీసుకొని బ్యాంకు పరీక్షలకు కోచింగ్‌కు పోతా ఉన్నా. మొన్న ఆదివారం మాక్ టెస్టులో ఇంగ్లీషు పేపరు మా సార్ సొంతంగా తయారు చేసిందే. అందులో ఒక ప్రశ్న, ఈక్విపాయిజ్ అనే మాటకు దగ్గరి అర్థం ఏది అని. ఒకటి బ్యాలెన్సు, రెండు గుర్రం మీద కూర్చునే తీరు, మూడు సామగ్రి, నాలుగు విషం. నాకు ఆ మాటే తెలియదు. ఈక్వల్‌లో ఉండే ఈక్వి కదా అని బ్యాలెన్సు పెట్టా. కీలో రెండోది కరెక్టు అని ఉంది. పావు మార్కు కట్.

లేచి అడిగా. సార్ బోర్డు మీద గుర్రం బొమ్మ వేశాడు. కుక్కలా ఉంది, అది వేరే సంగతి. "ఈక్వెస్ట్రియన్ అనే మాట విన్లేదా? ఈక్వి అంటే గుర్రం. పాయిజ్ అంటే ఠీవి. రెండూ కలుపు" అన్నాడు. క్లాసంతా నా వైపు తిరిగి ఒకటే నవ్వు. రూముకొచ్చి ఫోనులో చూస్తే బ్యాలెన్సు అనే ఉంది. కానీ బ్యాలెన్సు అనే మాట ఉండగా మళ్ళీ ఇదెందుకు? దీన్ని యాడ వాడతారు? సార్ ముందు నిలబడి చెప్పగలిగేంత గట్టిగా ఎవరైనా చెప్పండి. పావు మార్కు కోసం కాదు.

సరే, పావు మార్కు కోసమే.

రాగిసంగటి
నాలుగో ఆప్షన్‌లో విషం పెట్టిన సార్‌కు దండం. పాయిజన్‌లో నుంచి తీసినట్టున్నాడు.

కుప్పం_ఎక్స్‌ప్రెస్
మూడోది ఈక్విప్‌మెంట్‌లో నుంచి. మాట ఒకటే, నాలుగు ముక్కలు చేసి నాలుగు ఆప్షన్లు. తెలివైనోడే.

గోవిందరాజ_వీధి
ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. కాస్త పెద్ద పోస్టే అవుతుంది, ఓపిక పట్టండి.

మీ సార్ పూర్తిగా గాల్లో నుంచి చెప్పలేదు. లాటిన్‌లో ఎక్వుస్ అంటే గుర్రం. ఈక్వెస్ట్రియన్ అక్కడి నుంచే వచ్చింది. కానీ ఇంకో మాట ఉంది, ఐక్వుస్. దాని అర్థం సమానం, చదును. ఈక్వల్, ఈక్వేటర్, ఈక్వేషన్, పగలూ రాత్రీ సమానమయ్యే ఈక్వినాక్స్, ఇవన్నీ ఈ రెండో దాని పిల్లలు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండింటి స్పెల్లింగూ ఒకే మాదిరి అయిపోయింది. మీ సార్ ఒక ఇంటి పిల్లను ఇంకో ఇంట్లో కూర్చోబెట్టాడు, అంతే.

ఇక పాయిజ్. దీని మొదటి అర్థం ఠీవి కాదు, బరువు. లాటిన్‌లో పెండెరె అంటే వేలాడదీసి తూచడం. అది ఫ్రెంచి మీదుగా పాయిజ్ అయింది. తూకం సరిగ్గా నిలబడడం అనే అర్థం ఆ తర్వాత వచ్చింది. ఒళ్ళు తూలకుండా నిబ్బరంగా నిలబడే మనిషి ఠీవి దానికీ తర్వాత. మీ సార్‌కు చివరి అర్థం ఒక్కటే తెలుసు.

కాబట్టి ఈక్విపాయిజ్ అంటే సమాన బరువు. పదిహేడో శతాబ్దం నుంచి ఇంగ్లీషులో ఉంది.

పీలేరు_బస్సు
సార్, ఇది ప్రింటు తీసుకొని పోతా.

రాగిసంగటి
పెండెరె అంటే వేలాడదీయడమా? మరి పెండ్యులమ్, పెండెంటు కూడా?

గోవిందరాజ_వీధి
అవే. కాంపెన్సేషన్ కూడా, ఒక వైపు తగ్గినదానికి ఇంకో వైపు తూచి వేయడం. నాకు ఒకటో తారీఖున పడే పెన్షన్ కూడా ఆ ఇంటిదే. పూర్వం డబ్బు లెక్కపెట్టి కాదు, తూచి ఇచ్చేవారు.

కుప్పం_ఎక్స్‌ప్రెస్
ఈక్విపాయిజా, ఎక్విపాయిజా? ఇంటర్వ్యూలో ఏదంటే నవ్వరు?

గోవిందరాజ_వీధి
రెండూ చెల్లుతాయి. ఒత్తు మాత్రం మొదటి అక్షరం మీద ఉండాలి.

గుజ్జు_ల్యాబు
చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. మా దగ్గర పాయిజ్ అంటే చిక్కదనం కొలిచే యూనిట్. నీళ్ళు మామూలు వేడిలో ఒక సెంటీపాయిజ్. తోతాపురి గుజ్జుకు మిషన్‌లో వేల అంకె వస్తుంది. ఇదీ ఆ తక్కెడ పాయిజేనా?

గోవిందరాజ_వీధి
కాదు. అది పాయిజెయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు నుంచి కత్తిరించింది. సన్నటి గొట్టాల్లో ద్రవాలు ఎలా పారతాయో లెక్క కట్టినాయన. పేరు కలిసింది, చుట్టరికం లేదు.

రాగిసంగటి
ఈ మాట చుట్టూ అందరూ దొంగ చుట్టాలే ఉన్నారే.

ఎమ్మెస్సీ_ఫిజిక్స్
ఒక మాట. దీనికి ఈక్విలిబ్రియం ఉంది కదా, రెండూ ఒకటే. ఈక్విపాయిజ్ అనేది వ్యాసం రాసేవాళ్ళు బరువుగా కనిపించడానికి వాడే మాట. పరీక్షకు చదివేవాడు అంత లోతుకు పోనక్కర్లేదు.

గోవిందరాజ_వీధి
నిఘంటువు తెరిస్తే దీనికి ఈక్విలిబ్రియం అనే అర్థం ఇస్తారు, నిజమే. కానీ వాడుకలో తేడా ఉంది. గిన్నె అడుగుకు జారి ఆగిన గోలీ కూడా ఈక్విలిబ్రియంలోనే ఉందంటారు మీరు. దాన్ని ఎవరూ ఈక్విపాయిజ్ అనరు. అక్కడ రెండు పక్షాలు కనబడాలి. ఇటొక బరువు, అటొక బరువు, ఏదీ గెలవలేదు. రెండు పార్టీలకు సభలో సరిసమానంగా సీట్లొస్తే, ఇద్దరు అన్నదమ్ముల మాట ఇంట్లో సమానంగా చెల్లుతుంటే, అక్కడ ఆ మాట అతుకుతుంది.

ఎమ్మెస్సీ_ఫిజిక్స్
గోలీ సంగతి ఒప్పుకుంటా. బరువుగా కనిపించడానికి వాడతారన్నది మాత్రం వెనక్కి తీసుకోను.

గోవిందరాజ_వీధి
తీసుకోవద్దు. అదీ నిజమే.

మా_తాత_అంగడి
రెండు బరువులు, ఏదీ గెలవలేదు అన్నారు చూడండి, నాకు మా తాత చెయ్యి కళ్ళ ముందుకొచ్చింది. పుంగనూరులో చింతపండు, ఎండుమిరపకాయల అంగడి. ఇనప తక్కెడ. పైన వలయంలో వేలు దూర్చి ఎత్తేవాడు. కాడ నడుమ ఒక ముల్లు ఉంటుంది, అది పై పట్టీ మధ్యలోకి రావాలి. పడికట్టు రాయి వైపు పళ్ళెం ముందు దిగేది. ఇటు పళ్ళెంలో ఒక్కొక్క ఉండా తుంచి వేసేవాడు. ముల్లు ఊగి ఊగి మధ్యకొచ్చి ఒక్క క్షణం నిలబడేది. ఆ క్షణంలో కొనేవాడు ఊపిరి కూడా పీల్చడు. ఈక్విపాయిజ్ అంటే అదే అనుకుంటా.

కానీ ఆ నిలబడింది ఎవరికీ నచ్చేది కాదు! "ఏం పెద్దాయనా, బంగారం తూచినట్టు తూస్తున్నావే" అనేవాళ్ళు. అప్పుడు తాత ఇంకో చిన్న ఉండ వేస్తే సరుకు వైపు పళ్ళెం టక్కున దిగేది. అదీ తూకం అంటే. ముల్లు మధ్యలో నిలబెట్టేవాడికి పిసినారి అని పేరు.

పలమనేరు_పిల్ల
కొసరు! సరిగ్గా తూస్తే గొడవపడే జనం మనం.

రాగిసంగటి
తాత గురించి అన్నీ చెప్పావు, పళ్ళెం కింద చింతపండు అంటించేది చెప్పలేదే.

మా_తాత_అంగడి
అది పక్క అంగడాయన. మా తాత కాదు. మా నాయన మాత్రం ఆ మాటెత్తితే నవ్వి లేచి పోతాడు.

తోతాపురి
మీకు ముల్లు చూసే భాగ్యం అన్నా ఉండేది. దామలచెరువు వైపు మామిడి తోట మాది. ఇప్పుడంతా లారీని కాటా మీద నిలబెట్టేది, ఎర్ర అంకెలు చూసేది. ఆ అంకె మీద మళ్ళీ తరుగు అని టన్నుకు ఇంత కోత. ఒకసారి ఒక మండీలో అడిగా, ఎందుకప్పా తరుగు అని. కాయ దారిలో బరువు తగ్గుతుంది అన్నాడు. దారిలో తగ్గాల్సింది ఇప్పటికే తగ్గి కాటా ఎక్కింది కదా అన్నా. పక్క బండి రానీ అన్నాడు. ఒక గిన్నెలో మేము, ఒక గిన్నెలో కొనేవాడు. ఏ గిన్నె నేల మీద ఉందో చెప్పక్కర్లేదు.

పీలేరు_బస్సు
అన్నా, ఈక్విపాయిజ్‌కు వ్యతిరేక పదం కూడా దొరికింది. తరుగు.

పద్యం_పిచ్చోడు
ఇంతసేపూ ఎవరూ తెలుగు మాట చెప్పలేదు. సమతుల్యత అని రాసుకొని పో తమ్ముడూ.

గోవిందరాజ_వీధి
నాకు సమతుల్యత అంటే ఒళ్ళు మంట. తుల్యం అంటేనే తులలో సరిపోయినది, అంటే సమానం. దానికి ముందు మళ్ళీ సమ ఎందుకు? సమాన సమానత్వం అన్నట్టుంది. సమతూకం అనండి, చక్కగా ఉంటుంది.

పద్యం_పిచ్చోడు
పేపర్లు, పాఠాలు అన్నిట్లో సమతుల్యతే ఉంది సార్. వాడుకలో స్థిరపడ్డాక వ్యాకరణం వెనకాల నడవాల్సిందే. అయినా సమతూకం బాగుందని ఒప్పుకుంటా. తూగు అనే మన మాట చూడండి. తూగడం అంటే బరువుకు సరిపోవడం, సరితూగు. తూగడం అంటే ఊగడం కూడా, తూగుటుయ్యాల. తక్కెడ చేసే రెండు పనులూ ఒకే మాటలో ఉన్నాయి. ఊగి ఊగి సరిపోవడం. సిరిసంపదలతో తులతూగడం దీనికి అక్క. ఇంకా ముఖ్యం, మొగ్గు. ఫలానా వాడి వైపు మొగ్గు చూపాడు అంటాం. అది కూడా తక్కెడ భాషే, పళ్ళెం వాలడం.

పలమనేరు_పిల్ల
తులం బంగారం?

పద్యం_పిచ్చోడు
ఆ తులే. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు అంగళ్ళలో పది గ్రాములే తులం. పెళ్ళిలో అడిగేవాడు పాత లెక్కన అడుగుతాడు, ఇచ్చేవాడు కొత్త లెక్కన ఇస్తాడు.

రాగిసంగటి
అక్కడ మొగ్గు ఎటో మాకు తెలుసు.

కొండ_మీద_కాఫీ
తుల అనగానే గుర్తొచ్చింది. మా అక్క కొడుక్కు తిరుమలలో తులాభారం మొక్కు. గుడి లోపలే తక్కెడ ఉంటుంది. ఒక వైపు మనిషి, ఇంకో వైపు నాణేలో, బెల్లమో, కలకండో. వీడిది నాణేలు. రెండేళ్ళోడు, ఒక్కచోట కూర్చోడు. నాణేల సంచి పెట్టిన ప్రతిసారీ దాన్ని పట్టుకోవాలని ఇటు వంగేవాడు, పళ్ళెం ఊగేది. మా అక్క కింద నుంచి వాడి కాలు పట్టుకుంది. "అమ్మా, కాలు వదలండి, మీ బరువు కూడా పడతా ఉంది" అన్నాడు తూచేవాడు. వదిలితే వాడు లేస్తాడు, పట్టుకుంటే తూకం తప్పు. చివరికి మా బావ చేతిలో ఫోను చూపిస్తే రెండు సెకన్లు బొమ్మలా కూర్చున్నాడు. ఆ రెండు సెకన్లే ఈక్విపాయిజ్. వెంటనే గోవిందా అన్నారు, దించేశారు.

మా_తాత_అంగడి
అక్కడా దేవుడి వైపు కాస్త మొగ్గాలి కదా?

కొండ_మీద_కాఫీ
మొగ్గింది. మా అక్క పైన ఇంకో గుప్పెడు వేసింది.

నగరి_నూలు
తక్కెడ ఒక్కటే కాదు, కావడి కూడా చెప్పుకోవాలి. ఆడికృత్తిక పండగకు మా వైపు నుంచి తమిళనాడులోని తిరుత్తణి మురుగన్ గుడికి కావళ్ళు మోసుకొని పోతారు. 1960 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే, అందుకని మా పెద్దోళ్ళు ఇప్పటికీ మన గుడే అంటారు. మా జేజినాయన చెప్పేవాడు, రెండు చెంబుల్లో పాలు సమానంగా ఉంటే భుజం మీద బద్ద ఉన్నట్టే తెలియదు, ఒక చెంబు అర గ్లాసు తొణికినా మెడ నొప్పి పుడుతుంది అని. బరువు తగ్గితే తేలికవ్వాలి కదా? అవ్వదు. తగ్గిన వైపే నొప్పి.

ఎమ్మెస్సీ_ఫిజిక్స్
టార్క్. రెండు వైపులా సమానంగా లేకపోతే బద్ద తిరగబోతుంది, దాన్ని ఆపడానికి మెడా చెయ్యీ పనిచేస్తాయి. లేదంటే భుజం మీది చోటును బరువు వైపు జరుపుకోవాలి.

నగరి_నూలు
జరుపుకొనేవాడు. దానికి టార్క్ అని పేరుందని తెలిస్తే పొంగిపోయేవాడు.

బైరాగిపట్టెడ_జిమ్
నాకు ఈ మాట ఎప్పటి నుంచో తెలుసు, కానీ బ్యాలెన్సు అని కాదు. ఆ పేరుతో ఒక ఇంజక్షన్ ఉంది. బోల్డినోన్ అనే స్టెరాయిడ్. పశువుల డాక్టర్లు గుర్రాలకు వేయడానికి తయారు చేసింది. కండలు పెరుగుతాయని కొందరు కుర్రాళ్ళు పొడిపించుకుంటారు. ఆటల్లో నిషేధం, గుండెకూ లివర్‌కూ చేటు. ఎవరూ జోలికి పోవద్దు.

పీలేరు_బస్సు
గుర్రాలకా??

రాగిసంగటి
సార్ గెలుస్తున్నాడు.

గోవిందరాజ_వీధి
ఆ కంపెనీవాడు పేరు పెట్టేటప్పుడు రెండు లాటిన్ మాటలూ ఒకే మాదిరి ఉన్నాయని తెలిసే పెట్టి ఉంటాడని నా అనుమానం. ఇది మాత్రం ఎవరూ ఆ పిల్లాడి సార్‌కు చెప్పకండి.

రాత్రి_డ్యూటీ
డ్యూటీలో ఖాళీ దొరికింది, రాస్తున్నా. ఈ మాట ఈ రోజుల్లో నిజంగా బతికున్న చోటు ఒకటుంది, మందుల పరీక్షలు. కొత్త మందు, పాత మందు పోల్చాలంటే రోగుల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేస్తారు. డాక్టర్‌కు కొత్త మందే మేలని ఖాయంగా తెలిస్తే, సగం మందికి పాతది ఇవ్వడం అన్యాయం. పాతదే మేలని తెలిస్తే కొత్తది ఇవ్వడం అన్యాయం. కాబట్టి ఏది మేలో నిజంగా తేలని స్థితి ఉంటేనే పరీక్ష పెట్టాలి. ఆ స్థితిని ఈక్విపాయిజ్ అంటారు. కానీ ఏ డాక్టర్‌కైనా మనసులో ఎంతో కొంత మొగ్గు ఉంటుంది. దానికి బెంజమిన్ ఫ్రీడ్‌మన్ 1987లో ఒక వ్యాసంలో దారి చెప్పాడు. ఒక డాక్టర్ మనసులో ముల్లు ఎటున్నా ఫరవాలేదు, ఆ విషయం తెలిసిన వైద్యులంతా కలిపి చూస్తే అభిప్రాయం రెండుగా చీలి ఉండాలి. అది చాలు. దీన్నే క్లినికల్ ఈక్విపాయిజ్ అంటారు.

నా పీజీ రోజుల్లో ఒక పరీక్షకు రోగుల సంతకాలు తీసుకునే పని నాది. తెలుగు ఫారంలో ఎవరో "రెండు చికిత్సలూ సమతుల్య స్థితిలో ఉన్నాయి" అని రాశారు. ఒక పెద్దాయనకు చదివి వినిపించా. అంతా విని, "సమతుల ఆహారమా తల్లీ? రాగులు తింటాండానే" అన్నాడు. ఫారం పక్కన పెట్టి మామూలుగా చెప్పా, రెండింట్లో ఏది మేలో మాకే ఇంకా తెలియదు అని. నా వైపు చాలాసేపు చూశాడు. "తెలీదని చెప్పే డాక్టర్‌ను ఇప్పుడే చూస్తా ఉండా" అన్నాడు. పొగడ్తో తిట్టో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సంతకం మాత్రం పెట్టాడు.

గోవిందరాజ_వీధి
సమతుల్యత మీద నా కోపానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తోతాపురి
అక్కా, తెలియదు అనడం సరే. డాక్టర్లకు గట్టిగా అనిపించినప్పుడు ఇవ్వకుండా పరీక్ష పేరుతో ఆపడం ఏంది?

రాత్రి_డ్యూటీ
గట్టిగా అనిపించినవే బోల్తా కొట్టాయన్నా. గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్ళకు గుండె లయ తప్పుతుంటుంది. దాన్ని అణిచే మందులిస్తే చావులు తగ్గుతాయని ఎంతోమంది డాక్టర్లు నమ్మి రాసేవాళ్ళు. వాటిని ఉత్తుత్తి మాత్రతో పోల్చి అమెరికాలో పెద్ద పరీక్ష పెట్టారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే రెండు మందులు వేసుకున్నవాళ్ళే ఎక్కువ చనిపోతున్నారని బయటపడింది. 1989లో ఆ రెండింటినీ అందులో ఆపేశారు. ఈసీజీ కాగితం మీద లయ చక్కగా కనిపించింది, మనుషులు పోయారు. పరీక్ష పెట్టకముందు ముల్లు ఒక వైపుకు వాలి ఉంది. ఆ వాలినదే తప్పు.

తోతాపురి
పళ్ళెం కింద చింతపండు.

రాత్రి_డ్యూటీ
అదే. ఎవరూ కావాలని అంటించింది కాదు.

పద్యం_పిచ్చోడు
మరి ఫారంలో ఏం రాయాలి? "ఎటూ మొగ్గు తేలని స్థితి" అంటే?

రాత్రి_డ్యూటీ
పెద్దాయనకు ఇది అర్థమయ్యేది. రాసుకున్నా.

కుప్పం_ఎక్స్‌ప్రెస్
స్థితప్రజ్ఞత ఈక్విపాయిజ్ కాదా? సుఖదుఃఖాలు సమానంగా చూడడం?

గోవిందరాజ_వీధి
దానికి ఈక్వనిమిటీ దగ్గర. అదే ఐక్వుస్, పక్కన మనసు అనే మాట చేరింది. మనిషి మనసుకు ఈక్విపాయిజ్ వాడేవాళ్ళూ ఉన్నారు కానీ, అప్పుడు కూడా కోపం ఇటు, జాలి అటు అని రెండు వైపులు ఊహించుకొని వాడతారు.

పలమనేరు_పిల్ల
నా బ్యాంకు ఖాతాలో బ్యాలెన్సును ఈక్విపాయిజ్ అనచ్చా? ఇటు సున్నా, అటు సున్నా, ముల్లు కదలదు.

గోవిందరాజ_వీధి
అనకూడదు. మిగులు అనే అర్థం బ్యాలెన్సుకే ఉంది. మీ విషయంలో మాత్రం మినహాయింపు ఇస్తా.

చంద్రగిరి_కోట
ఆలస్యంగా వచ్చా. గుర్రాల గొడవ చదివి ఆగలేకపోతున్నా. ఈక్విపాయిజ్ అని నిజంగానే ఒక గుర్రం ఉంది! అమెరికాలో 1928లో పుట్టిన పందెపు గుర్రం, ముద్దుపేరు చాక్లెట్ సోల్జర్. 1932లో మైలు దూరాన్ని 1 నిమిషం 34.4 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు కొట్టింది.

ఎమ్మెస్సీ_ఫిజిక్స్
దాని మీద కూర్చున్నవాడి తీరు ఈక్విపాయిజ్ అవుతుందిగా. రెండో ఆప్షన్ కరెక్టు.

గోవిందరాజ_వీధి
మీరంతా కలిసి ఆ పిల్లాణ్ణి ఫెయిల్ చేసేట్టున్నారు.

పీలేరు_బస్సు
ఈ రోజు క్లాసయ్యాక సార్ దగ్గరికి పోయా. గోవిందరాజ వీధి సార్ రాసిందంతా రెండు పేజీల ప్రింటు. ఎక్వుస్, ఐక్వుస్ తేడా చెప్పా, తక్కెడ చెప్పా, మందుల పరీక్ష కూడా చెప్పా. సార్ నిమ్మళంగా విన్నాడు. మంచోడే, ఒప్పుకుంటాడేమో అనిపించింది. అంతలో నా వెనకాల ఉన్నోడు ఫోనులో ఈక్విపాయిజ్ అని కొట్టి, వచ్చిన మొదటి బొమ్మ సార్‌కు చూపించాడు.

గుర్రం.

సార్ ఆ ఫోను తీసుకొని క్లాసంతా చూసేట్టు ఎత్తి పట్టుకున్నాడు.

రాగిసంగటి
అయిపాయ.

పలమనేరు_పిల్ల
పావు మార్కు?

పీలేరు_బస్సు
రెండు ఆప్షన్లూ కరెక్టే అని ప్రకటించాడు. పావు మార్కు వెనక్కొచ్చింది. రెండోది పెట్టినవాళ్ళకు అర మార్కు కొసరు.